శ్యామలమ్మ జామకాయ అచ్చులు

మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఒకరికి నగల పిచ్చి, ఒకరికి భజనల పిచ్చి, ఇంకొకరికి పక్కింటి కుండలో ఏం ఉడుకుతుందోనన్న పిచ్చి. శ్యామలమ్మది మసిబట్టల పిచ్చి. పొయ్యి మీది గిన్నె దించే బట్ట, రొట్టెలు చుట్టే గుడ్డ, చేతులు తుడుచుకునే తువ్వాల, ఈ మూడూ చూస్తే చాలు, ఆ ఇంటి ఇల్లాలు ఏపాటిదో చెప్పెయ్యొచ్చని ఆమె సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ప్రకారం బోధన్ చుట్టుపక్కల గౌరవానికి తగిన ఇల్లాలు ఒక్కతే ఉంది. ఆమె పేరు వేరే చెప్పనక్కర లేదు.

బోధన్ నుంచి నవీపేట పోయే దారిలో, చెరకు తోటల మధ్య, ఆ రోజుల్లో ఒక చిన్న ఖండసారి మిల్లు ఉండేది. బోధన్‌లోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీకి పోగా మిగిలిన చెరకును ఆడి అక్కడ ముతక చక్కెర చేసేవాళ్లు. శ్యామలమ్మ మొగుడు రాజారాం అందులో కాంటా గుమాస్తా. చెరకు బండ్లు వరసగా వచ్చి నిలబడితే తూకం చూసి చీటీ రాసివ్వడం అతని పని. నౌకరీ మాత్రం సీజన్ నౌకరీ. చెరకు ఆడినన్నాళ్లే జీతం, చెరకు ఆడినన్నాళ్లే మిల్లువాళ్లిచ్చిన ఒంటిగది క్వార్టర్. హోలీ దాటి ఎండలు ముదిరి మిల్లు పొయ్యి ఆరిందంటే గదికి తాళం పడేది. పర్మనెంట్ వాళ్లు వేపచెట్ల కింద మంచాలు వేసుకుని విసనకర్రలు ఊపుకుంటుంటే, సీజన్ వాళ్లు మూటాముల్లె సర్దుకుని బండెక్కేవాళ్లు.

రాజారాం బండి పోయి నిజామాబాద్‌లో శ్యామలమ్మ తల్లి అంజవ్వ ఇంటి ముందు ఆగేది. ఆ గల్లీలో ఏ అరుగు మీద చూసినా ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లే. తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. శ్యామలమ్మ బుద్ధెరిగిన నాటి నుంచి చేసిన పని అదే, మళ్లీ మిల్లు పిలిచే దాకా చెయ్యాల్సిన పనీ అదే. చెయ్యి తిరిగిన పనే, మనసే ఒప్పదు. క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ తంబాకు అంటే ఏమిటో ఎరగనట్టు ఉండేది. బయట ఎవరైనా బీడీ ముట్టిస్తే "ఛీ, ఏం గబ్బు!" అని తలుపు వేసుకునేది. రాజారాం నౌకరీ పర్మనెంట్ అయితే ఆ చాట మొహం ఇక చూడనక్కర లేదు. ఆమె బతుకులో కోరిక ఏదైనా ఉందంటే ఆ ఒక్కటే. దాని కోసం రాజారాం చేసింది మాత్రం సున్నా. పై అధికారిని నోరు తెరిచి ఒక మాట అడగమంటే అతనికి అప్పుడే దగ్గు వచ్చేది.

మేనేజర్ భార్య విమలమ్మ మద్రాసులో పుట్టి పెరిగి చదువుకున్న మనిషి. మిల్లు బంగ్లాలో ఆమెకు పొద్దు పోయేది కాదు. పొద్దుపోని పెద్దింటావిడకు లోకాన్ని ఉద్ధరించాలనిపించడం మామూలే. శనివారం శనివారం మహిళా మండలి అని పెట్టి, గుమాస్తాల భార్యలను వరండాలో చాప మీద కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చుని నాగరికత నేర్పేది. ఒక వారం కేకు నేర్పింది. కట్టెల పొయ్యి మీద అది మాడి బొగ్గయింది. ఇంకో వారం ఊలు స్వెట్టర్ నేర్పింది. బోధన్ ఎండల్లో దాన్ని ఎవరు తొడుక్కుంటారో ఆమెకే తెలియాలి. ఆ తర్వాతి వారం పళ్ల అచ్చులు మొదలుపెట్టింది.

"చూడండి, ఎంత తేలికో!" అని నిమ్మకాయను అడ్డంగా కోసి, తడి తుడిచి, రంగులో అద్ది, తెల్లటి తువ్వాల మీద ఒత్తింది. బండి చక్రంలాంటి పువ్వు పడింది. జామకాయ కోసి ఒత్తితే గింజలతో సహా జామకాయే పడింది. చాప మీది ఆడవాళ్లంతా అబ్బో అన్నారు. ఒకావిడ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. తినే కాయను కోసి గుడ్డకు గుద్దడం వాళ్లు పుట్టాక చూడలేదు. ఇళ్లకు పోయి జామకాయలు ఉప్పూ కారం అద్దుకుని తిన్నారు, సంగతి మరిచిపోయారు. శ్యామలమ్మ మాత్రం మరవలేదు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఆ రోజు నుంచి ఆ ఒంటిగదిలో కాయ అన్నది నోటికి చేరలేదు. జామ, కమలా, నిమ్మ, కాకర, బెండ, ఏది దొరికితే అది నడిమికి కోసి గుడ్డల మీద గుద్దేది. పచ్చి సీతాఫలానికి పైనే రంగు పూసి గుడ్డ అంచు వెంట దొర్లించేది. మసిబట్ట మీద జామకాయలు, రొట్టెల గుడ్డ మీద నిమ్మచక్రాలు, కుండ మూతికి కట్టే గుడ్డ మీద కాకర పువ్వులు. చివరికి రాజారాం దస్తీ మీద కూడా ఒక బెండకాయ పువ్వు పడింది. కాంటా దగ్గర అతను దాంతో చెమట తుడుచుకోబోతే బండ్లవాళ్లు పగలబడి నవ్వారు.

"తిననీకి ఒక్క కాయన్న ఉంచుతవా, లేదా?" అని అడిగాడు ఆ పూట ఇంటికొచ్చి.

"తినుడైతే గొడ్లు సుత తింటయి," అంది శ్యామలమ్మ.

అంతటితో ఆగిందా? చక్కెర బదులుకని, మజ్జిగ తోడుకని పక్క గదుల్లోకి పోయి, వాళ్ల పొయ్యి దగ్గర వేలాడే బట్టలను రెండు వేళ్లతో ఎత్తి చూసేది. "గిదేనా మీ మసిబట్ట?" అనేది. అవతలి వాళ్లు ఔననే లోపల ఒక నిట్టూర్పు విడిచి వచ్చేసేది. మసిబట్టకు మసి అంటుకోవడం కూడా తప్పయిపోయింది. ఆ వరసలో ఆడవాళ్లు ఆమెను చూడగానే పొయ్యి దగ్గరి గుడ్డలు దాచేయడం మొదలుపెట్టారు.

ఒకనాడు అంజవ్వ బిడ్డను చూడ్డానికి వచ్చింది, చంకన బీడీల చాట, చేతిలో జామకాయల మూట. ఊరికే కూర్చోవడం ఆ మనిషికి చేతకాదు, అందుకే చాట వెంట తెచ్చుకుంది. బిడ్డ చేసే పని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేం పనే? మసిబట్టకు గిన్ని సోకులా? మసి తుడువనీకె గద గది?"

"నీకు తెల్వదు, ఊకో అవ్వా. ఆ చాట తీస్కొని లోపటికి పో. మేనేజరమ్మ గిట్ట వస్తే నా ఇజ్జత్ పోతది."

లోపలికి అంటే ఎక్కడికి? ఉన్నదే ఒక గది. అంజవ్వ వెనక కట్టెల మూల కూర్చుని బీడీలు చుట్టుకుని, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. మసిబట్టలకు దండెం నిండా చోటిచ్చి కన్నతల్లిని కట్టెల పక్కన కూర్చోబెట్టిన బిడ్డను ఏమనాలో మీరే చెప్పండి.

ఇంత చేసినా ఒక చిక్కు తీరలేదు. అచ్చులు పడుతున్నాయి గానీ నిలవడం లేదు. అంగట్లో దొరికే రంగు ఒక్క ఉతుకుకే కారిపోయేది. పసుపు వాడితే సబ్బు తగలగానే ఎర్రబడేది. పసుపు పండే జిల్లాలో పుట్టి ఆ సంగతి ఎరగని వాళ్లుండరు, అయినా ఆశ కొద్దీ అదీ చేసి చూసింది. ఒక శనివారం మండలిలో విమలమ్మ ఆమె రొట్టెల గుడ్డ తీసి చూసి మెచ్చుకుంది.

"అచ్చు చక్కగా వేశావు శ్యామలా. కానీ ఉతికితే పోతోందే! ఇది నిలిచేటట్టయితే వచ్చే నెల డైరెక్టర్ల భోజనానికి బల్ల మీద ఇవే వేయించేదాన్ని." తర్వాత గొంతు తగ్గించి అంది: "నిలిచేలా చేసుకురా. మీ ఆయన పర్మనెంటు సంగతి సార్ చెవిన వేస్తాను."

శ్యామలమ్మకు అరచేతిలో వైకుంఠం కనిపించింది. అంజవ్వ గల్లీకి ఇక చుట్టపుచూపుగా పోవచ్చు, అరుగు మీద కూర్చుని, చాటల వైపు చూడకుండా, పోయిన పూటే తిరిగి రావచ్చు. దీనికంతటికీ అడ్డం ఒక్క ఉతుకు.

ఎన్ని ఉతుకులు ఉతికినా పోని మరక ఏదని ఆలోచిస్తూ, చాకలి తెచ్చిన బట్టలు మడత పెడుతుంటే చీర మూల మీద కనిపించింది. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరాలని చాకళ్లు నల్లజీడి గింజల చమురుతో పెట్టే నల్లటి చుక్క. చీర చిరుగుతుంది గానీ ఆ చుక్క చెరగదు. శ్యామలమ్మ వెంటనే బోధన్ అంగడికి పోయి, దిష్టికి కట్టాలని చెప్పి మూటెడు జీడిగింజలు కొనుక్కొచ్చింది.

జీడి ఒంటికి తగిలితే పొక్కుతుందని అక్కడ పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. శ్యామలమ్మకూ తెలుసు. తెలుసు కనుకనే తన చేతులకు మాత్రం మోచేతుల దాకా నువ్వుల నూనె పట్టించుకుంది. గింజల్ని వేడిచేసి, దబ్బనంతో గుచ్చి, కారిన చమురును చిప్పలో పట్టి, జామ చెక్కకు పూసి గుడ్డ మీద ఒత్తి, పైన సున్నపు తేట అద్దింది. మర్నాటికి నల్లగా నిగనిగలాడింది. ఉతికింది, ఉడకబెట్టింది, బండకేసి బాదింది. జామకాయ చెక్కు చెదరలేదు.

ఆరిపోయాక ఇంకేం పొక్కుతుందని ఆమె లెక్క. ఊరందరి బట్టల మీదా చాకలి గుర్తు ఉంది, ఎవరికి పొక్కింది? తర్కం బాగానే ఉంది. కానీ చాకలి గుర్తు మూల మీద ఉంటుంది, ఆవగింజంత. ఈమె గుర్తు గుడ్డ నిండా ఉంది, ఒక్కొక్కటీ జామకాయంత. పైగా చాకలి గుర్తును ఎవరూ వేడి రొట్టెలకు చుట్టరు, దాంతో మూతి తుడుచుకోరు. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే వద్దని చెప్పేవాళ్లు. అడిగితే రహస్యం బయటపడదూ? చాప మీది ఆడవాళ్లంతా రేపు ఇదే రంగు పట్టుకొస్తే తన గొప్ప ఏం మిగులుతుంది? అందుకని మొగుడికి కూడా చెప్పలేదు. వేళ్ల మీది నలుపు చూసి అతను అడిగితే, కాటుక పట్టిన అంది.

పోచంపాడ్ దగ్గర గోదావరి మీద డ్యాము కడుతున్న రోజులవి. హైదరాబాద్ నుంచి వచ్చిన డైరెక్టర్లు ఆ పనులు చూసి, అటునుంచి భోజనానికి మిల్లు బంగ్లాకు వచ్చారు. వాళ్లకు మన పక్క రుచి చూపించాలని విమలమ్మ జొన్న రొట్టెలు చేయించింది. పొగలు కక్కే రొట్టెలను నిమ్మచక్రాల గుడ్డల్లో చుట్టి బల్ల మీద పెట్టారు. ప్రతి కంచం పక్కనా ఒక జామకాయ తువ్వాల. శ్యామలమ్మను వంటింటి గుమ్మం దాకా రానిచ్చారు. తలుపు వారగా నిలబడి, ఎవరు తువ్వాల అందుకున్నారు, ఎవరు మూతి తుడుచుకున్నారు అని దేవుడి పల్లకీ చూస్తున్నట్టు చూస్తోంది.

అందరిలోకి పెద్ద డైరెక్టర్ తువ్వాల ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "చాలా బాగున్నాయమ్మా. ఎక్కడ కొన్నారు?"

"కొనడమేమిటండీ, నేనే వేశాను," అంది విమలమ్మ. "మా మండలి ఆడవాళ్లకు నేర్పుదామని మొదలుపెట్టాను. పాపం, ఇక్కడి వాళ్లకు ఇలాంటివేం తెలుస్తాయి?"

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. ఆ చేతులు ఏనాడైనా మసిబట్ట పట్టాయా? తాగిన గ్లాసు పక్కకు జరపడానికి కూడా మనిషిని పిలిచే ఆవిడ.

శ్యామలమ్మ అక్కడే ఆగి ఉంటే బాగుపడేది. మేనేజర్ అప్పటికే పెద్ద డైరెక్టర్‌తో, కాంటాకు పర్మనెంట్ మనిషి కావాలని, రాజారాం అని నమ్మకస్తుడు ఉన్నాడని చెబుతున్నాడు. ఆ మాట ఆమె చెవిన పడింది కూడా. ఇంకాసేపు నోరు మూసుకుని నిలబడితే చాట పీడ జన్మకు వదిలేది. కానీ ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ విమలమ్మ ముందు "అలాగేనండీ" అని నాలుక వంచి మాట్లాడిన మనిషి, కొంగు నడుముకు దోపుకుని బల్ల ముందుకు వచ్చేసింది.

"నేనేసిన సార్! అన్ని నేనే ఏసిన. కాయ గోసింది నేను, రంగు దీసింది నేను, ఒత్తింది నేను. ఈ అమ్మ ఒక్క గుడ్డ సుత ముట్టలే. గా రంగెట్ల జేసిన్నో ఎవలకు తెల్వది, నాకొక్కదానికే తెలుసు!"

బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. విమలమ్మ మొహం తెల్లబడింది, ఎర్రబడింది, చివరికి ఎక్కడి నుంచో ఒక నవ్వు తెచ్చుకుంది. "అవునవును, శ్యామలే వేసింది. సరదాకి అన్నాను." పెద్ద డైరెక్టర్ భేష్ అని, అదే తువ్వాలతో మరోసారి మూతి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం క్వార్టర్ల వరసలో శ్యామలమ్మ నడిచిన నడక చూసి తీరాల్సిందే. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కి దిగివచ్చినట్టు నడిచింది.

మర్నాడు పొద్దున మేనేజర్ పెదవులు దురద పెట్టాయి. మధ్యాహ్నానికి వాచాయి. సాయంత్రానికి పొక్కులు లేచాయి. విమలమ్మకు అరచేతులూ గడ్డమూ పొక్కాయి. పెద్ద డైరెక్టర్ మూతి గుర్తుపట్టేలా లేదని హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మిల్లు కాంపౌండర్ చూసి ఇవి జీడి పొక్కులన్నాడు. ఆ మాట వింటూనే రాజారాంకు కాటుక సంగతి అర్థమైంది. తల పట్టుకుని కాంటా పళ్లెం మీదే కూలబడ్డాడు.

మొగుడూ పెళ్లాలను బంగ్లాకు పిలిపించారు.

"ఎవరు వేశారమ్మా ఇవి?" అన్నాడు మేనేజర్. వాచిన మూతిలోంచి ఆ మాట సగమే బయటికి వచ్చింది.

"మండలి వాళ్లం అందరం కలిసే వేసినామండీ. అమ్మగారే నేర్పించినారు," అంది శ్యామలమ్మ. నిన్న చిటికెడైనా ఇవ్వడానికి ఒప్పుకోని పేరును ఇవాళ ఊరందరికీ పంచిపెట్టబోయింది.

"నేనా?" అంది విమలమ్మ. "నేనొక్క గుడ్డ కూడా ముట్టలేదని అందరి ముందూ అరిచావుగా? రంగు సంగతి నీకొక్కదానికే తెలుసన్నావుగా?"

శ్యామలమ్మ తన నోటితో తాను వేసుకున్న ముడి, బల్ల చుట్టూ కూర్చున్న పెద్దలంతా సాక్షులే. బల్ల దగ్గర నోరు మెదపకుండా ఉండి ఉంటే ఈ పొక్కులన్నీ విమలమ్మ ఖాతాలో పడేవి. వరండా కింద నిలబడ్డ మండలి ఆడవాళ్లు, కందకు లేని దురద కత్తిపీటకెందుకని, ఒక్కొక్కరే జారుకున్నారు.

మేనేజర్ మరీ చెడ్డవాడు కాదు. తూకంలో మోసం చెయ్యని గుమాస్తా దొరకడం కష్టమని అతనికి తెలుసు. "ఇప్పుడైతే గది ఖాళీ చెయ్యండి. వచ్చే సీజన్‌కి వచ్చి కనపడు, చూద్దాం," అన్నాడు రాజారాంతో. ఆ చూద్దాం అన్న ఒక్క మాటను పట్టుకుని రాజారాం ప్రాణం నిలుపుకున్నాడు.

మర్నాడు వాళ్లు బండిలో సామాను సర్దుతుంటే విమలమ్మ చేతులకు కట్లతో వచ్చింది. అచ్చుల గుడ్డలన్నీ క్వార్టర్ల వెనక కుప్ప వేయించి, పనివాళ్లను పంపేసింది. తర్వాత ఖాళీ గదిలోకి పోయి వెతికి, పొయ్యి గూట్లో మిగిలిపోయిన జీడిగింజల మూటను కర్రతో ఎత్తుకొచ్చి, ఆ కుప్ప మీద తానే పడేసింది. ఆనవాలు కూడా లేకుండా కాల్చేస్తే పీడ పోతుందని ఆమె ఉద్దేశం. అగ్గిపెట్టె తీసింది.

జీడి తగిలితే పొక్కులే. కాలిస్తే అంతకంటే చెడ్డది. ఆ పొగ సోకితే మొహం కుండలా ఉబ్బి కళ్లు పూడుకుపోతాయి. మద్రాసులో చదువుకున్న మనిషికి అది తెలియదు. బండి మీద కూర్చున్న ఇద్దరికీ తెలుసు.

"చెప్పే," అన్నాడు రాజారాం మెల్లగా. "దూరం జరుగుమని ఒక్క మాట జెప్పు. నీ మీద కోపం సుత తగ్గుతది. వచ్చే సీజన్‌కు నన్ను తీస్కుంటరు."

తానే చెప్పొచ్చు. చెప్పడు. మొగుడి నౌకరీ అడుక్కోవడానికి పెళ్లాం ఉంది కదా.

శ్యామలమ్మ బండి దిగింది. నిజంగానే చెబుదామని దిగింది. చాట గుర్తుకొచ్చింది, ముక్కుపుటాల్లో నిలిచిపోయే తంబాకు ఘాటు గుర్తుకొచ్చింది. కుప్ప దాకా నడిచి "అమ్మగారూ" అని పిలిచింది.

విమలమ్మ ఒక తువ్వాలను కర్రతో ఎత్తి చూస్తోంది. దాని మీద వరసగా జామకాయలు, ఒక్కటి కూడా వంకర పోలేదు. "ఎంత చక్కగా నేర్పాను నీకు!" అంది. "నా డిజైన్లన్నీ నాశనం చేశావు కదే. ఇందులో రంగొక్కటే నీది, అదీ విషమే అయింది." తువ్వాలను కుప్ప మీద పడేసి, "ఏమిటి, ఏదో చెప్పబోయావు?" అని అడిగింది.

శ్యామలమ్మ కుప్ప మీద పడ్డ ఆ తువ్వాలను చూసింది.

"ఏం లేదమ్మా. పోయొస్త," అంది.

వెనక్కు వచ్చి బండెక్కింది. "చెప్పినవా?" అన్నాడు రాజారాం. ఆమె బండివాడితో "తోలు" అంది. చెరకు తోటల మలుపు తిరిగేటప్పుడు వెనక నల్లటి పొగ లేచింది. రాజారాం తిరిగి చూశాడు, ఆమె చూడలేదు.

అది మంచి పని కాదు. దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం ఎవరికీ ఉండనక్కర లేదు. విమలమ్మ చాలా రోజులు కళ్లు తెరవలేక చీకటి గదిలో పడుకుందని, చివరికి ఎలాగో తేరుకుందని నిజామాబాద్ దాకా కబురు వచ్చింది. తర్వాతి సీజన్‌లో రాజారాం మిల్లుకు పోతే గేటు దగ్గరే ఆపి పంపేశారు. అతను పసుపు యార్డులో పని దొరికిన రోజు తూకాలు వేసేవాడు, దొరకని రోజు అరుగు మీద కూర్చునేవాడు. శ్యామలమ్మ చాట ఒడిలో పెట్టుకుంది. ఈసారి చెరకు కోతలు వచ్చినా దాన్ని దించే పని పడలేదు.

తాను వేసిన ఒక్క బెండకాయ పువ్వు పేరును కూడా ఇంకొకరికి ఇవ్వని ఆ మనిషి, ఆ పొగ సంగతి మాత్రం జన్మలో ఎవరి దగ్గరా నాదేనని చెప్పుకోలేదు. గల్లీ ఆడవాళ్లు మేనేజరమ్మ కళ్ల గురించి అయ్యో అంటే తానూ అయ్యో అనేది. ఎప్పుడైనా ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఒక్కతే నవ్వేది.

"ఏందే, నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్?" అని పక్కనే కూర్చున్న అంజవ్వ అడిగేది.

"ఏం లేదవ్వా," అని దారం బిగించి, చుట్టిన బీడీని చాటలో వేసేది.